గుంటుపల్లి వర్తులచైత్యము

విశ్వబ్రాహ్మణ సోదరులారా! మన పంచవృత్తులలో దారుశిల్పము పూర్వమా, శిలాశిల్పము పూర్వమా యను చర్చ మన సభలలో పలుమారు వినవచ్చుచుండును. అందులకు ప్రత్యుత్తర మొకటి మన ఆంధ్రదేశముననే కొండలో చెక్కబడియున్నది.

విజయవాడ బెంజి సర్కిలు మీదుగా బోవు రాజమార్గమున ఏలూరు చేరి, అచ్చటనుండి కామవరపుకోట మండలములోని జీలకఱ్ఱగూడెమునకు బోవలెను. ఆ గ్రామము చెంతనే గుంటుపల్లి గుహలు గలవు. స్తూపములు, విహారములు పెక్కులున్న ఆ కొండపై మిగుల చిన్నదయ్యు అమూల్యమైనది వర్తులచైత్యము. ఇది క్రీ. పూ. 2వ శతాబ్ది ప్రాంతమున బౌద్ధుల యారాధనకై తొలువబడినదని పండితుల యభిప్రాయము.

దీని వ్యాసము సుమారు 18 అడుగులు మాత్రమే. నడుమ శిలాస్తూపము, చుట్టును ప్రదక్షిణమునకు ఇఱుకైన దారి. తల యెత్తి చూచినచో గుడిసెకప్పునందువలె వంగిన వాసములు గానవచ్చును. ద్వారముపై గుఱ్ఱపులాడమువంటి కమాను. అంతయు కొయ్యపని పోలికయే; అంతయు ఱాయియే.

ఈ వాసములు మోయు బరువేమియు లేదు. అవి లేకున్నను కొండ కూలదు. మఱి శిల్పి యేల చెక్కెను? అతని కన్నులకు గుడి యనగా కొయ్యతో గట్టినదే గనుక. నాటి కొయ్యగుడులు కాలగర్భమున గలసినవి. వడ్రంగి నేర్పు శిలాశిల్పి ఉలివలన మనకు దక్కినది. బీహారులోని బరాబరు కొండలయందు అశోకుని కాలపు సుదామగుహలోను ఇట్టి వర్తులమందిరమే కలదు. కొయ్యయింట పగిలిన వాసమును మార్చవచ్చును. కొండలో ఉలి జాఱినచో అతుకు లేదు.

మహామేఘవాహన వంశజుడైన సిరిసదరాజు లేఖకుడు చూళగోముడు ఈ కొండపై మంటపమును దాన మిచ్చినట్లు శాసనము చెప్పుచున్నది. దాత పేరు నిలిచినది. చైత్యమును చెక్కిన చేతులకు పేరు మిగులలేదు. అతడు మన కులమువాడే యని మేము వ్రాయము. ఆధారములేని గొప్ప కులమునకు శోభ గాదు. ఐనను ఉలి పట్టినవానికి ఆ పనితనమే బంధుత్వమును దెలుపును.

గ్రామస్థులు ఆ స్తూపమును ధర్మలింగేశ్వరుడని కొలుతురు. ఆరాధన మాఱినను పని చెక్కుచెదరలేదు.

తిన్నయింటి వాసములు లెక్కించుట కృతఘ్నత యందురు. ఇచ్చటి వాసములు లెక్కించుట కృతజ్ఞత. వృత్తి విడిచి ఉద్యోగములకు బోవు మన బాలురను ఒక్కమారు అచ్చటికి తోడ్కొనిపోయి, వానిని లెక్కింపజేయ బ్రార్థించుచున్నాము.