నది పోయాక వచ్చిన జబ్బు

మధుమేహం మీద వైద్యగ్రంథాలు తిరగేస్తే అరిజోనాలోని పీమా జాతి పేరు తప్పక తగులుతుంది. మన సంఘంలోని డాక్టర్లకిది కొత్త కాదు. 35 ఏళ్లు దాటిన పీమాల్లో సగం మందికి చక్కెరవ్యాధి ఉందని 1971లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మేము చెప్పదలచింది అంతకు ముందు కథ.

వీరు తమను అకిమెల్ ఓఒదమ్ అంటారు, అంటే నదీజనం. వీరి పూర్వీకులు హీలా, సాల్ట్ నదుల నుంచి ఎడారిలోకి కాలువలు తవ్వి మొక్కజొన్న, గుమ్మడి, టెపరీ చిక్కుళ్లు పండించారు. అలాగని అది స్వర్ణయుగమేమీ కాదు. తవ్వకాల్లో దొరికిన ఎముకల మీద రక్తహీనత గుర్తులున్నాయి. పంట పోతే పస్తులే.

1870ల నుంచి ఎగువన స్థిరపడిన తెల్లరైతులు హీలా నీటిని మళ్లించుకున్నారు. డెల్టాల నుంచి వచ్చిన మనకు, ఎగువవాడు నీరు ఆపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పొలాలు ఎండాయి, ఆకలి వచ్చింది. ఆ వెనుక సర్కారు పంచే గోధుమపిండి, పందికొవ్వు, చక్కెర వచ్చాయి.

జబ్బు మాత్రం వెంటనే రాలేదు. 1908లో హర్డ్లిచ్కా ప్రచురించిన వైద్య పరిశీలనల్లో మధుమేహానికి చెప్పుకోదగ్గ చోటు లేదు. 1940లో జాస్లిన్ డాక్టరు 21 మంది పీమా రోగులను చూపి, మిగతా అమెరికన్ల కంటే ఎక్కువ కాదన్నారు. ఆయన లెక్కించింది బయటపడిన రోగులనే, తరువాతివారు ఊరందరికీ రక్తపరీక్ష చేశారు, నిజమే. ఆ తేడా తీసివేసినా పెరుగుదల పెద్దదే. ఒక్క తరంలో జన్యువులు మారవు కదా!

కరువులో కొవ్వు దాచుకున్న జన్యువే కలిమిలో చేటు చేస్తోందని 1962లో జేమ్స్ నీల్ ఊహించారు. మెక్సికో కొండల్లోని మైకోబాలోనూ పీమాలున్నారు. ఒంటి కష్టంతో సేద్యం చేసుకునేవారు. 2006లో వెలువడిన పరిశోధన ప్రకారం అక్కడ మధుమేహం 6.9 శాతం, అరిజోనాలో 38 శాతం.

మన విందుల్లో "షుగరు మా వంశంలోనే ఉందండీ" అంటూ రెండో జిలేబీ అందుకునే పెద్దలు ఈ రెండు అంకెలూ చూడాలి. మనవారికి సన్నని ఒంటికి కూడా ఈ జబ్బు వస్తుంది, వంశం మాట అబద్ధం కాదు. కాని మైకోబా వారిదీ ఆ వంశమే.

2004లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి హీలా ప్రజల నీటి హక్కును ఒప్పుకుంది. ఇప్పుడక్కడ టెపరీ చిక్కుళ్లు మళ్లీ వేస్తున్నారు. మన కందుల్లాగే నిదానంగా అరిగే గింజ అది, నీరు కూడా పెద్దగా అడగదు.