ఇన్నోవేషన్: ఒకప్పటి తిట్టు

ఇవాళ ఇన్నోవేషన్ అనకుండా ఏ కంపెనీ నోరు విప్పదు. ఒకప్పటి ఇంగ్లండులో అదొక నేరారోపణ. లాటిన్‌లో ‘కొత్తది చేయడం’ దాని మూలం. ఆ కొత్తే చర్చికి గిట్టలేదు. పూజావిధానాన్ని సొంతంగా మార్చేవాళ్ల మీద 1548లో ఆరో ఎడ్వర్డ్ పేరిట రాజశాసనమే వెలువడింది. 1636లో హెన్రీ బర్టన్ అనే ప్యూరిటన్ బోధకుడు, ఇన్నోవేషన్లు చేస్తున్నది బిషప్పులేనని ప్రసంగించి, అచ్చు కూడా వేయించాడు. మరుసటి ఏడాది వెస్ట్‌మిన్‌స్టర్‌లో జనం మధ్య కొయ్యచట్రంలో మెడ బిగించి ఆయన చెవులు రెండూ కోసేశారు. తమాషా ఏమిటంటే, ఆయన కొత్తదనాన్ని మెచ్చినవాడు కాదు, తిట్టినవాడు! యంత్రాలకూ వ్యాపారానికీ ఈ మాట అంటుకున్నది చాలా తర్వాతే. కనిపెట్టడం వేరు, దాన్ని సరుకుగా బజారులో నిలబెట్టడం వేరని ఆర్థికవేత్త షుంపీటర్ 1939లో విడదీసి చెప్పాడు. ఆయన లెక్కలో రెండోదే ఇన్నోవేషన్.