అర్థం వరుసలో అమరిన నిఘంటువు

నిఘంటువు అనగానే అకారాది క్రమమే గుర్తొస్తుంది. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువైనా, బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరమైనా నడిచేది ఆ దారిలోనే. మాట తెలిస్తే అర్థం దొరుకుతుంది. అర్థం మనసులో మెదులుతూ మాట తట్టనప్పుడు మాత్రం అకారాది ఆదుకోదు. ఆ లోటు తీర్చడానికి ఇంగ్లిష్‌లో పుట్టినదే వర్డ్‌నెట్. ఇవాళ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే విద్యార్థి రెండు వరుసల కోడ్‌తో దాన్ని తిరగేస్తున్నాడంటే, ఆ సులువు వెనక ఎన్నో ఏళ్ల చేతిపని ఉంది.

జార్జ్ మిల్లర్ మనస్తత్వ శాస్త్రవేత్త. మనిషి తక్షణ జ్ఞాపకంలో ఏడు సంగతులు, మహా అయితే రెండు అటూ ఇటూగా నిలుస్తాయని 1956లో రాసిన వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1985లో ఆయన మరో ప్రశ్న చేపట్టారు: మన బుర్రలో మాటలు ఎలా అమరి ఉంటాయి? దీని మీద అంతకుముందే, 1969లో, కాలిన్స్, క్విలియన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కెనరీ పిట్ట పాడుతుందన్న మాటకు ఔనని చెప్పడం కన్నా, దానికి చర్మం ఉంటుందన్న మాటకు ఔనని చెప్పడానికి జనానికి ఎక్కువ సమయం పట్టింది. కెనరీ నుంచి పక్షికి, పక్షి నుంచి జంతువుకు మనసు మెట్లెక్కుతోందని వాళ్లు తేల్చారు. ఆ తీర్మానంపై తర్వాత చాలా చర్చ జరిగింది. కానీ మిల్లర్‌ను పట్టుకున్న సందేహం వేరు. ఇలాంటి సిద్ధాంతాలన్నీ గుప్పెడు మాటలతోనే సరిపెట్టుకుంటున్నాయి. భాష మొత్తం మీద నిలబడతాయా? తేలాలంటే భాష మొత్తాన్నీ అల్లి చూడాల్సిందే. ఆ అల్లికే వర్డ్‌నెట్.

అల్లికకు మూలకం మాట కాదు, అర్థం. ఒకే అర్థమిచ్చే మాటల గుంపును సిన్‌సెట్ అన్నారు. ‘బోర్డ్’ పక్కన ‘ప్లాంక్’ ఉంటే చెక్కపలక. ‘కమిటీ’ ఉంటే పాలకమండలి. పర్యాయపదాలే అర్థాన్ని విడమరుస్తాయని, వేరే నిర్వచనాలు అక్కర్లేదని మొదట అనుకున్నారు. మాటలు పెరిగేకొద్దీ అది చాలదని తెలిసి, ప్రతి గుంపుకూ చిన్న వివరణ చేర్చారు. నామవాచకాలు మిల్లర్ చూసుకుంటే, క్రియల బాధ్యత క్రిస్టియాన్ ఫెల్‌బామ్‌ది. విశేషణాల మీద కేథరిన్ మిల్లర్ కూడా పనిచేశారు. 3.0 కూర్పు నాటికి 1,55,287 మాటలు, 1,17,659 సిన్‌సెట్‌లు పోగయ్యాయి.

ఈ సంపదను ప్రిన్స్‌టన్ ఉచితంగా అందరికీ ఇచ్చింది. అందుకే ఆలివర్ స్టీల్ పైథాన్ కోసం పైవర్డ్‌నెట్ అనే ప్రోగ్రాం రాయగలిగారు. 2001లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ బర్డ్, ఎడ్వర్డ్ లోపర్ పాఠం చెప్పడానికి మొదలుపెట్టిన ఎన్‌ఎల్‌టీకే అనే పరికరాల పెట్టెలోకి వర్డ్‌నెట్ చేరాక, అది తరగతి గదుల్లోకి వచ్చేసింది.

ఎన్‌ఎల్‌టీకేలో ‘డాగ్’ సిన్‌సెట్‌లు అడిగితే ఎనిమిది జవాబులొస్తాయి. మొదటిది కుక్క. తక్కినవాటిలో నీచుడనే తిట్టు, ఒక రకం సాసేజ్, పళ్లచక్రం వెనక్కి తిరగకుండా ఆపే మీట, వెంటాడటం అనే క్రియ కూడా ఉంటాయి. కుక్కను పట్టుకుని పైపైకి వెళ్తే మాంసాహారి, క్షీరదం, జంతువు మీదుగా ‘ఎంటిటీ’ దాకా, అంటే ఉనికి ఉన్న ప్రతిదాన్నీ కలుపుకునే చిట్టచివరి మెట్టు దాకా చేరతాం.

ఇదంతా ఉండేది మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే. సూచిక ఫైలులో మాటలు ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఉంటాయి. ప్రతి మాట పక్కనా ఎనిమిదంకెల సంఖ్యలుంటాయి. కుక్క సంఖ్య 02084071. వివరాల ఫైలులో అన్ని బైట్లు దాటితే కుక్క వరుస మొదలవుతుందని దాని భావం. ప్రోగ్రాం నేరుగా అక్కడికి వెళ్లి ఆ ఒక్క వరుసే చదువుతుంది. ‘గీస్’ అని బహువచనమిచ్చినా ‘గూస్’ దగ్గరికి చేర్చే పని ‘మార్ఫీ’ అనే భాగానిది.

అర్థం వరుస మనకు కొత్త కాదు. అమరకోశం వర్గాలుగా నడుస్తుంది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం తెలుగు పర్యాయపదాలను దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గులుగా పేర్చి, నానార్థాలకు వేరే వర్గు పెట్టింది. తొలి అంతర్జాతీయ వర్డ్‌నెట్ సదస్సు 2002లో మైసూరులోనే జరిగింది. ఐఐటీ బొంబాయిలో పుష్పక్ భట్టాచార్య బృందం హిందీ వర్డ్‌నెట్ కట్టింది. దాని ఆధారంగా తెలుగుతో సహా భారతీయ భాషలు ఇండోవర్డ్‌నెట్‌గా ముడిపడ్డాయి. 2018లో వచ్చిన పైఐడబ్ల్యూఎన్ అనే పరికరంతో తెలుగు సిన్‌సెట్‌లనూ పైథాన్‌లో వెతకవచ్చు.

హిందీ గుంపుకు సాటి తెలుగు మాటలు చేర్చుకుంటూ పోయే ఈ పద్ధతి భాషలను త్వరగా కలుపుతుంది. కానీ మేనరికం లాంటి మన భావనలకు ఆ దారిలో చోటు దొరకదు. వాటికి తెలుగువాళ్లే కొత్త గుంపులు కట్టాలి. కోడ్ సిద్ధంగానే ఉంది. ఇక కావలసింది మగ్గం మాట, పొలం మాట, వంటింటి మాట తెలిసినవాళ్లు భాషావేత్తల పక్కన కూర్చుని ఒక్కో అర్థాన్నీ ఓపికగా రాయడం. మిల్లర్ బృందం చేసిందీ అదే. వాళ్లు రాసిపెట్టినవే ఇవాళ పైథాన్ వెతికి ఇస్తోంది. రాయని అర్థాన్ని ఏ ప్రోగ్రామూ వెతికివ్వలేదు.