పాతకారు మీటర్లు – వాని వెనుకనున్న విజ్ఞానము

1944లో అలిపిరి నుండి తిరుమలకు మొదటి ఘాటురోడ్డు తెరువబడినది. అంతకు ముందు యాత్రికులు కాలినడకన గాని, డోలీలలో గాని కొండ నెక్కెడివారు. రోడ్డు వచ్చిన తరువాత మోటారుబండ్లకు కఠినమైన పరీక్ష యెదురైనది. ఎడతెగని ఎగుడులో తక్కువ గేరుతో నడచునపుడు ఇంజను ఎక్కువ శ్రమపడును. బండి మెల్లగా పోవుటచే రేడియేటరునకు తగులు గాలి మాత్రము తక్కువ. అట్టిచోట నీరు మరుగక మునుపే డ్రైవరును హెచ్చరించునది ఎదుటనున్న చిన్న మీటరు ముల్లే.

నేడు ఆ దారి దిగు వాహనములకు ఉపయోగపడుచున్నది. ఆనాటి కార్లు అరుదైనవి. మిగిలినవానిని ముచ్చటతో బాగుచేయించువారు మీటర్లకు కొత్త అద్దము, కొత్త రంగు వేయింతురు. కాని మీటరును పునరుద్ధరించుట యనగా మెరుగుపెట్టుట మాత్రమే కాదు. దాని ముల్లు మరల నిజము చెప్పునట్లు చేయుట. అందుకు ఆ పరికరమెట్లు పుట్టెనో తెలిసియుండవలెను.

వేడిని తెలుపు మీటరునే తీసికొందము. ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బూర్డన్ 1849లో ఒక పీడనమాపకమునకు పేటెంటు పొందెను. అందలి ముఖ్యభాగము వంచిన బల్లపరుపు గొట్టము. లోపలి పీడనము పెరిగినకొలది వంపు విచ్చుకొనును. ఆ కదలికయే ముల్లును త్రిప్పును. ఆవిరియంత్రములకై పుట్టిన ఈ గొట్టమే పాతకార్లలో వేడిని కొలుచుటకును పనికివచ్చినది. ఇంజను నీటిలో మునిగియుండు చిన్నబుడ్డిలో ఈథరు ఉండును. నీరు వేడెక్కగా ఈథరు ఆవిరియొక్క పీడనము హెచ్చి, సన్నని రాగిగొట్టము ద్వారా మీటరును చేరును. ఆ రాగిగొట్టము ఎక్కడ చిట్లినను ఈథరు పోవును. ముల్లు చల్లనిచోటనే నిలిచిపోవును. అపుడు డయలుకు ఎంత రంగు వేసినను ప్రయోజనము లేదు.

బాగుచేసిన మీటరును మరుగునీటిలో పరీక్షింతురు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఎత్తు సుమారు 300 మీటర్లు పెరిగినచో నీరు మరుగు వేడి ఒక డిగ్రీ తగ్గును. తిరుమల సముద్రమట్టమునకు దాదాపు 850 మీటర్ల ఎత్తున నున్నది గనుక అక్కడ నీరు సుమారు 97 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. అచట పరీక్షించి ముల్లును 100పై నిలిపినచో మూడు డిగ్రీల తప్పు వచ్చును. పీడనమును నిలుపు మూత లేని పాత రేడియేటరులో నీరు మరుగునదియు ఆ 97 వద్దనే.

స్పీడోమీటరు చరిత్ర మరింత చిత్రమైనది. 1824లో అరగో అను శాస్త్రజ్ఞుడు రాగిబిళ్ళను త్రిప్పగా, దానిపైనున్న అయస్కాంతసూచి దాని వెంట తిరుగుట గమనించెను. రాగి అయస్కాంతమునకు అంటుకొనునది కాదు. మరి ఇదెట్లు జరిగెను? 1831లో విద్యుత్ప్రేరణను కనుగొనిన ఫారడే, బిళ్ళలో పుట్టు విద్యుత్ప్రవాహములే కారణమని వివరించెను. ఈ సూత్రము నాధారముగా చేసికొని 1902లో జర్మనీలో ఆటో షుల్జ్ వేగమాపకమునకు పేటెంటు తీసికొనెను. చక్రములతో పాటు తిరుగు కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ అమర్చిన అల్యూమినియము గిన్నె ఆ వెంట తిరుగబోవును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఈ పెనుగులాటలో ముల్లు నిలిచినచోటే వేగము.

ఏండ్లు గడచి అయస్కాంతము బలము తగ్గినచో ముల్లు తక్కువ వేగము చూపును. కేబులుకు నూనె ఎక్కువ పెట్టినచో అది పైకి ప్రాకి గిన్నెను పట్టివేయగా ముల్లు ఎగిరెగిరి పడును. కొన్ని బ్రిటిషు మీటర్ల డయలుపై 1,000 వంటి అంకె ఉండును. మైలు దూరమునకు కేబులు 1,000 చుట్లు తిరుగునని దాని భావము. అట్టి మీటరు కేబులును నిమిషమునకు 1,000 చుట్లు త్రిప్పినపుడు ముల్లు 60 మైళ్ళపై నిలువవలెను.

చీకటిలో వెలుగు పాత డయళ్ళ విషయమున మాత్రము సాహసము కూడదు. వానిలో కొన్నింటికి రేడియము కలిపిన రంగు పూసిరి. ఇట్టి రంగును కుంచెతో పూయుచు, కుంచె మొనను పెదవులతో సన్నచేసిన అమెరికా యువతులు అనేకులు 1920 ప్రాంతమున ఎముకల వ్యాధులకు గురియైరి. రంగులోని జింకు సల్ఫైడు చెడి వెలుగు ఆరిపోయినను రేడియము పోదు. అది సగమగుటకు సుమారు 1,600 ఏండ్లు పట్టును. కావున అట్టి డయలును గీకరాదు, ఊదరాదు, నిపుణులకే విడువవలెను.

పాతకారును కాపాడదలచినవారు రంగుకు ముందు ముల్లును పరీక్షింపవలెను. అందమైన డయలుపై తప్పు చూపు ముల్లు, అసలు మీటరు లేకుండుటకంటె ప్రమాదకరము.