కార్బోహైడ్రేట్ అణువుల ఆకృతికి గణన మార్గం: ఆచార్య వి.ఎస్.ఆర్. రావు పరిశోధనలు

కార్బోహైడ్రేట్ అణువులు ఏ ఆకృతిని ధరిస్తాయో గణన ద్వారా నిర్ణయించే విధానానికి భారతదేశంలో పునాది వేసిన శాస్త్రవేత్తలలో ఆచార్య వి.ఎస్.ఆర్. రావు ముఖ్యులు. 1960వ దశకం నుంచి 1990వ దశకం వరకు వెలువడిన ఆయన పరిశోధనలు కార్బోహైడ్రేట్ బయోఇన్ఫర్మాటిక్స్, గ్లైకోబయాలజీ శాఖలకు విశేషంగా తోడ్పడినాయి.

సమస్య స్వరూపం

వికారాబాద్ జిల్లాలోని కుల్కచర్ల, తాండూరు ప్రాంతాల రైతులకు సుపరిచితమైన జొన్న పైరు ఇందుకు చక్కని ఉదాహరణ. జొన్న గింజలోని పిండి, చొప్పలోని సెల్యులోజు రెండూ గ్లూకోజు అణువుల గొలుసులే. అయినను గింజ మనిషికి ఆహారం కాగా, చొప్ప పశువులకు మాత్రమే మేత అవుతున్నది. గ్లూకోజు అణువులు ఒకదానితో ఒకటి కలిసే తీరులోని స్వల్ప భేదమే ఇందుకు కారణం. ఆ భేదం వలన పిండిలోని అమైలోజు గొలుసు మెలి తిరుగుతుంది. సెల్యులోజు గొలుసు తిన్నగా సాగి గట్టి నారగా మారుతుంది.

మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చితే ఆరు రకాల గొలుసులు మాత్రమే ఏర్పడతాయి. మూడు వేర్వేరు చక్కెర అణువులు వెయ్యికి పైగా విధాలుగా కలిసే వీలున్నది. పైగా ప్రోటీన్ల క్రమం వలె చక్కెర గొలుసుల క్రమం జన్యువులలో నేరుగా లిఖితమై ఉండదు. అందువలన వీటి అధ్యయనం చిరకాలం వెనుకబడి ఉండినది.

పరిశోధన క్రమం

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఎఫ్. ఫాస్టర్‌తో కలిసి రావు 1963లో ద్రావణంలో అమైలోజు ఆకృతిపైన, 1965లో మాల్టోజు తదితర అణువులలో గ్లూకోజు వలయం ఆకృతిపైన పరిశోధన పత్రాలు ప్రచురించారు.

ప్రోటీన్ గొలుసులకు సాధ్యమైన ఆకృతులను చూపే రామచంద్రన్ పటం 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. అదే ఆలోచనా విధానాన్ని చక్కెర గొలుసులకు అన్వయిస్తూ జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, పి.ఆర్. సుందరరాజన్‌లతో కలిసి రావు 1967లో అమైలోజుపై అధ్యయనాన్ని ప్రకటించారు. రెండు చక్కెర అణువులను కలిపే బంధాల చుట్టూ భ్రమణ కోణాలను మారుస్తూ, ప్రతి స్థితిలోనూ శక్తిని లెక్కించి, అణువు ఏ స్థితులలో స్థిరంగా ఉండగలదో నిర్ణయించడం ఈ పద్ధతి సారాంశం.

తదుపరి ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగంలో ఈ కృషిని కొనసాగించారు. గ్లూకోజు వలయం పూర్తిగా బిగుసుకొని ఉండక కొంత వంగగలదని 1979లో ఎన్.వి. జోషితో కలిసి వివరించారు. 1980లో కె. వేలూరాజాతో కలిసి సియాలిక్ ఆమ్లం ఆకృతిని అధ్యయనం చేశారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కణానికి అంటుకొనేది ఈ సియాలిక్ ఆమ్లం ఆధారంగానే.

కాలేయ కణాలపై ఉండే, గెలాక్టోజును గుర్తించే గ్రాహకానికి అతుక్కొనే చక్కెర గొలుసుల కదలికలను 1993లో పి.వి. బాలాజీ, పి.కె. కస్బాలతో కలిసి కంప్యూటర్ ద్వారా అనుకరించారు. ఇదే గ్రాహకం ద్వారా కాలేయానికి చేరే గివోసిరాన్ ఔషధానికి 2019లో అమెరికా అనుమతి లభించడం ఈ రంగపు ప్రాధాన్యాన్ని తెలుపుతున్నది. బాలాజీ, కస్బా, ఆర్. చంద్రశేఖరన్‌లతో కలిసి రావు రచించిన కార్బోహైడ్రేట్ల ఆకృతి శాస్త్ర గ్రంథం 1998లో వెలువడింది.

సమాచార నిధుల ఆవశ్యకత

గణన ఎంత కచ్చితమైనదైనను ఆధార సమాచారం సరిగా లేనిచో ఫలితం ఉండదు. ప్రోటీన్ డేటా బ్యాంకులో చక్కెర అణువులు గల నమోదులలో దాదాపు 30 శాతం దోషాలతో ఉన్నట్లు 2004లో జర్మనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. విస్తృతమైన సవరణ 2020లో గాని జరుగలేదు. అమెరికాలో నిర్వహించబడిన తొలి కార్బోహైడ్రేట్ సమాచార నిధి కార్బ్‌బ్యాంక్ నిధుల కొరత వలన 1990వ దశకంలో నిలిచిపోయింది. అందలి సమాచారాన్ని తరువాతి సమాచార నిధులు స్వీకరించినందున అది నష్టం కాలేదు.

మన దేశంలో సియాలిక్ ఆమ్లం గల చక్కెరల త్రిమితీయ ఆకృతుల సమాచార నిధిని వేలూరాజా బృందం 2010లో ప్రకటించింది. పరిశోధనకు నిధులు సమకూర్చడంతో పాటు, సేకరించిన సమాచారాన్ని సరిచూచి దీర్ఘకాలం నిర్వహించే ఏర్పాటు కూడ అవసరమని ఈ రంగం చరిత్ర స్పష్టం చేస్తున్నది.