బేరారు ఒడంబడిక (1853)

హైదరాబాద్ నిజాం నాసిరుద్దౌలా, ఈస్టిండియా కంపెనీల మధ్య 1853 మే 21న కుదిరిన ఒప్పందం. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద బేరారు, రాయచూరు అంతర్వేది, నల్దుర్గ్ కంపెనీ పాలనలోకి వెళ్లాయి. సార్వభౌమత్వం మాత్రం నిజాందే. బలవంతంగా సంతకం చేయించారన్నది హైదరాబాద్ వాదన.

1860లో సుమారు 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. రాయచూరు, నల్దుర్గ్ తిరిగొచ్చాయి, బేరారు రాలేదు. బేరారును తిరిగి ఇస్తే, సైన్యం ఖర్చు వడ్డీతో గడిచేంత మూలధనం జమకడతామని దివాన్ మొదటి సాలార్‌జంగ్ ప్రతిపాదించాడు. 1876లో ఇంగ్లండు వెళ్లినా పని కాలేదు.

1902లో ఏటా 25 లక్షల రూపాయలకు బేరారును బ్రిటిష్ వారికి శాశ్వత కౌలుకిచ్చారు. ఏడో నిజాం బేరారును తిరిగి ఇవ్వమని మళ్లీ అడిగితే, బ్రిటిష్ సార్వభౌమాధికారమే సర్వోన్నతమంటూ వైస్రాయి రీడింగ్ 1926 మార్చి 27న ఢిల్లీ నుంచి లేఖ రాశాడు.