కర్ర పేరు పెట్టుకున్న పెన్ను

ఈ మధ్య మన పిల్లలు అమెరికా నుంచి వచ్చేటప్పుడు చేత్తో చేసిన కర్రపెన్నులు కానుకగా తెస్తున్నారు. రోజ్‌వుడ్, ఎబొనీ వంటి అరుదైన కలపతో చేసినవి. చూడముచ్చటగా ఉంటాయి. వాటిని చూసి ఒక మిత్రుడు నన్నడిగాడు: ఏజెన్సీ అడవుల టేకు ఒకప్పుడు గోదావరిలో తెప్పలుగా దిగిన రాజమండ్రిలో, పెన్నులకు అంత పేరున్న ఊళ్ళో, కర్రపెన్ను ఎందుకు చెయ్యలేదని.

కర్ర సిరాకు పనికిరాదు. తడి పీలిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. సన్నటి మరచుట్లు కర్రలో నాలుగు రోజులు నిలవవు. సిరాబుడ్డిలో ముంచి రాసే రోజుల్లో కలానికి పిడిగా కర్ర సరిపోయింది, ఎందుకంటే సిరా దాని లోపలికి పోదు. ఇప్పటి కర్రపెన్నులోనూ కిటుకు అదే. కలపముక్కకు నిలువునా బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం అంటించి, ఆ తరువాతే లేత్ మీద తిప్పుతారు. సిరా కర్రను తాకదు.

సిరా నింపే పెన్నుకు తగిన పదార్థం ఎబొనైట్. రబ్బరులో దాదాపు మూడో వంతు గంధకం కలిపి గంటల తరబడి ఉడికిస్తే రాయిలా గట్టిపడుతుంది. ఎబొనీ కలపలా నల్లగా నిగనిగలాడుతుంది కనుక ఆ పేరే పెట్టారు. మన బీడీ ఆకు చెట్టు, తునికి, ఎబొనీకి దాయాదే. ముదిరిన తునికి చేవ కూడా నల్లగానే ఉంటుంది. న్యూయార్క్‌లో వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన పెన్ను కూడా గట్టి రబ్బరుదే.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో పెన్నుల తయారీ ప్రారంభించారు. పరాయి దేశపు పెన్నులే బజారును ఏలుతున్న కాలం అది. స్వదేశీ పెన్ను చెయ్యమని ఆయనను ప్రోత్సహించింది గాంధీ గారు. ఆయన చేసిన పెన్ను గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్ప గారి ద్వారా గాంధీ గారికి చేరింది. వాడి చూశాననీ, విదేశీ పెన్నులకు బదులుగా బాగానే ఉందనీ 1935 జూలైలో గాంధీ గారు జాబు రాశారు. కితాబు కంటే ఆ "వాడి చూశాను" అన్న మాటే నాకు గొప్పగా తోస్తుంది. మన ఆఫీసుల్లో ఎన్ని శాంపిళ్ళు వాడకుండానే "సంతృప్తికరం" అని రాయించుకున్నాయో మీకు తెలుసు!

ఆ పని చూస్తూ నేను గంటసేపు నిలబడ్డాను. ఎబొనైట్ కడ్డీ కోస్తారు, లేత్‌కు బిగించి లోపల తొలుస్తారు, మరలు వేస్తారు. ఉలి ఆనించగానే నల్లటి చుట్టలు రాలతాయి, గంధకం వాసన వేస్తుంది. మూత, బారెలు అతుకు తెలియకుండా కలిసేదాకా అరగదీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, గుడ్డతో మెరుగు పెడతారు. కొలత చాలావరకు వేళ్ళకే తెలుసు. ఆఖరున పేరు చెక్కుతారు. 1973లో కాకినాడలో ఎల్.డి.సి.గా చేరాక నేను కొనుక్కున్న పెన్ను మీద నా ఇంటిపేరు ఇంకా చదవవచ్చు.

మన ఉద్యోగానికీ ఈ పెన్నుకూ సంబంధం సిరా దగ్గర ఉంది. రిజిస్టర్లకు బ్లూ బ్లాక్ సిరా వాడమనేవారు. పూర్వపు బ్లూ బ్లాక్ మన పెద్దల కరక్కాయ, అన్నభేది సిరాకు చుట్టమే. అందులో ఇనుప లవణం ఉంటుంది, పులుపూ ఉంటుంది. మామూలు ఉక్కు పాళీని ఆ పులుపు తినేస్తుంది, ఎబొనైట్‌ను ఏమీ చెయ్యలేదు. కాగితం మీద ఆరాక ఆ సిరా నల్లబడి దారాల్లోకి దిగిపోతుంది.

1996 నవంబరు కోనసీమ తుఫానులో ఒక ఆఫీసు బీరువాలోకి నీళ్ళు చేరాయి. సర్వీసు రిజిస్టర్లు ఎండలో ఆరబెట్టినప్పుడు నేనూ ఉన్నాను. రాయల్ బ్లూతో రాసిన పేజీలు నీలపు మరకలయ్యాయి. బ్లూ బ్లాక్ ఎంట్రీలు అక్షరం చెదరకుండా ఉన్నాయి. ఒక అటెండరు గారి తొలి నాలుగేళ్ళ సర్వీసు అలా నిలిచింది. వేరే రుజువు ఎక్కడా లేదు. ఆ నాలుగేళ్ళూ పెన్షన్‌కు లెక్కకొచ్చాయి. ఆయన పోయాక ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కూడా ఆ రిజిస్టరు మీదే కదిలాయి.

తరువాత బాల్‌పెన్ వచ్చింది. మొదట్లో ఒక సబ్ ట్రెజరీలో బాల్‌పెన్ సంతకమని బిల్లు తిప్పి పంపారు, మా జీతాలు వారం ఆలస్యమయ్యాయి. మరి కొన్నేళ్ళకు అదే కౌంటరులో అందరి జేబుల్లోనూ బాల్‌పెన్నులే!

మీ బీరువాలో పాత ఎబొనైట్ పెన్ను ఉంటే చల్లటి నీళ్ళలో పాళీ, దాని కింది నాలుక రాత్రంతా నానబెట్టండి. ఎండిన సిరా వదులుతుంది. వేడినీళ్ళు పొయ్యకండి, ఎండలో ఆరబెట్టకండి. ఎబొనైట్ గోధుమరంగుకు తిరుగుతుంది. మూత గట్టిగా పట్టేస్తే పట్టకారు వెయ్యకుండా, అరచేతుల మధ్య కాసేపు వెచ్చబరచి మెల్లగా తిప్పండి.